కుజుడెత్తుకుపోయిన పడవ

సినిమా అయిపోయింది. జనం లేవలేదు.

తెర మీద ఇంగ్లీషులో సమాప్తమని పడింది. బొమ్మ ఆడించే ఏసుమణి మిషను ఆపి, డేరా నడిగుంజకు వేలాడే బల్బు వెలిగించి, పక్క పరదాలు పైకి చుట్టించాడు. బెంచీల మీది వాకాడు రైతులు కండువాలు దులుపుకుని వెళ్ళిపోయారు. వాళ్ళకు వరి తెలుసు, వల తెలియదు. నేల టికెట్టు వాళ్ళు మాత్రం నేలలో నాటినట్టు కూర్చునే ఉన్నారు. వాళ్ళు చిన్నమొగపాళెం నుంచి ఇసుక దిబ్బలు దాటి నడిచి వచ్చిన చేపలవాళ్ళు. నడుమ కట్టిన తాడుకు ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు, మోకాళ్ళ చుట్టూ చేతులు పెనవేసుకుని, ఖాళీ తెర వైపు చూస్తున్నారు. ఎవరూ అరవడం లేదు, ఈల వేయడం లేదు. డేరా యజమాని రమణయ్యకు అదే భయం వేసింది. అరిచే జనాన్ని ఆయన చాలా ఊళ్ళలో చూశాడు. కూర్చునే జనాన్ని చూడలేదు.

"ఏమయ్యా సంజీవరావూ, బయట రెండో ఆటకు జనం తోసుకొస్తా ఉండారు. వీళ్ళనేం చేసినావు నువ్వు?"

సంజీవరావు తెర పక్కన స్టూలు మీద, మైకు ముందు కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాడు. ఇంగ్లీషు బొమ్మ ఆడినప్పుడల్లా దాన్ని తెలుగులో చెప్పడం ఆయన పని. అంతకు ముందు మిషన్ దొరల ప్రసంగాలు తర్జుమా చేసేవాడు. దొర ఒక మాట దొర్లిస్తే ఈయన పది దొర్లించేవాడు. జనం ఆమెన్ అన్నది దొరకో, దొర్లించినవాడికో ఎవరికీ తెలిసేది కాదు. మైకు చేతికొస్తే మైకం వచ్చే మనిషి. తర్జుమా చేసేవాడు ప్రసంగీకుడి ముఖం చూడడు, వినేవాళ్ళ ముఖాలు చూస్తాడు. ఆ అలవాటు డేరాలోకీ వచ్చింది. తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చునేవాడు. కొత్త బొమ్మ వస్తే డేరాలో ఎవరూ లేనప్పుడు ఒక్కసారి చూసి పెట్టుకునేవాడు. ఆ తరువాత అంతా చెవి మీద నడిచేది, నోటి మీద పరుగెత్తేది.

ఈ బొమ్మలో కథ పెద్దదేం కాదు, చప్పుడు పెద్దది. కుజగ్రహం నుంచి ఒక ఎగిరే పళ్ళెం వస్తుంది. వస్తూనే సముద్రంలో ముగ్గురు జాలర్లున్న పడవను పైకి పీల్చేస్తుంది. ఆ తరువాత తెల్లకోట్ల శాస్త్రజ్ఞులు రంగంలోకి దిగుతారు. వాళ్ళ శాస్త్రమంతా ఆ వస్త్రంలోనే ఉంటుంది. అందులో పెద్దాయనకు ఒక కూతురు, ఆ కూతురికి ఒక కుర్ర శాస్త్రజ్ఞుడు, వాళ్ళిద్దరికీ కాస్త తీరిక దొరికినప్పుడల్లా లోకం ప్రమాదంలో పడుతుంది. ఆఖరికి గంట మోత వింటే కుజుడి మనుషులు కూలిపోతారని కనిపెట్టి ఊళ్ళో గంటలన్నీ మోగిస్తారు. పళ్ళెం పగులుతుంది. పిల్లా పిల్లాడూ కావిలించుకుంటారు.

"ఏమప్పా, ఆట అయిపాయ, లేవండి," అన్నాడు సంజీవరావు మైకులో. "మీ పాళెంలోకి ఆ పళ్ళెం రాదులే, భయం లేకుండా పోండి."

ఎవరూ నవ్వలేదు. మగవాళ్ళ ముందు వరసలో నుంచి ముత్యాలయ్య లేచాడు. పాళెం పెద్దమనిషి. ఉప్పుగాలికి ఎండి బిగిసిన తాడులాంటి మనిషి. పైపంచె భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకుని అడిగాడు.

"పడవ రాల్యా గదా సారూ."

"ఏ పడవ?"

"మొదట్లో ఆ పళ్ళెం ఎత్తకపాయ గదా. దాంట్లో ముగ్గురుండారు. వాళ్ళ సంగతేంది?"

సంజీవరావు నోరు తెరిచాడు. నోరు తెరిచాక మాట రాకపోవడం ఆయన జన్మలో అదే మొదలు. నిజమే, వాళ్ళ సంగతేమిటి. అంత బొమ్మలో, అన్ని కోట్లలో, అన్ని మాటల్లో, ఆ ముగ్గురి ఊసు మళ్ళీ ఎక్కడా లేదు. పెద్ద శాస్త్రజ్ఞుడు తన కళ్ళజోడు పగిలితే బాధపడ్డాడు కాని పడవ గురించి ఒక్క ముక్క అనలేదు.

"సినిమా అయిపోయింది గదా పెద్దాయనా," అన్నాడు రమణయ్య.

"మీకు అయిపాయ. పడవ ఇంకా రాల్యా," అన్నాడు ముత్యాలయ్య శాంతంగా. "పోయిన పడవ రాకుండా మేము ఒడ్డు వదలం సామీ. పడవన్నా రావాల, లేదంటే పడవ ఇంక రాదని పెద్దమనిషన్నా చెప్పాల. మా ఒడ్డున అయితే నేను చెప్తా. ఇది మీ ఒడ్డు. ఈ సారు చెప్పాల."

వెనక ఉన్న జనం అవునన్నట్టు తలలూపారు. మొండితనం కాదది. చనిపోయిన వాళ్ళింటి ముందు నుంచి చెప్పులు విడవకుండా వెళ్ళలేనట్టే, పడవ సంగతి తేలకుండా వాళ్ళు లేవలేరు.

సంజీవరావు మైకు దగ్గరికి లాక్కున్నాడు. "అట్టా అడుగు పెద్దాయనా," అని మొదలుపెట్టాడు. గొంతులోకి పాత ప్రసంగాల ఊపు వచ్చింది. పళ్ళెం పగిలింది గదా, పగిలినప్పుడు ఆ ముగ్గురూ తెరచాపను గొడుగులాగా పట్టుకుని దూకినారు. దూకి, బర్మా ఒడ్డున పడినారు. దెబ్బలు తగిలినాయి కాని ప్రాణాలకేం కాలేదు. "నడిచొస్తా ఉండారు," అన్నాడు. "దూరం గదా, ఆలస్యమవతాది. నడిచొస్తా ఉండారు."

డేరాలో ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడైంది. ఆడవాళ్ళు కొంగులు దులుపుకున్నారు. మగవాళ్ళు చుట్టలు వెతుక్కున్నారు. ముత్యాలయ్య మాత్రం ఆయన వైపు కాసేపు చూసి, పైపంచె మళ్ళీ భుజం మీద వేసుకుని, బయటికి నడిచాడు.

*

మరునాటి నుంచి ఆ బొమ్మకు రెక్కలొచ్చాయి. పళ్ళేనికి కాదు, నడకకు. పాళెం వాళ్ళు పక్క పాళేనికి చెప్పారు, పక్క పాళెం వాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చారు. కుజుడి కోసం వచ్చినవాళ్ళు తక్కువ. ఆ ముగ్గురూ ఈ పూట ఎంత దూరం వచ్చారో వినడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. సంజీవరావు వాళ్ళను బర్మా దాటించాడు. కలకత్తాలో రిక్షా ఎక్కించాడు. పూరీ దగ్గర కాస్త ఎండుచేప, కాస్త అన్నం పెట్టించాడు. తెర మీద సమాప్తం పడ్డాక అసలు ఆట మొదలయ్యేది.

"నువ్వు వాళ్ళను ఇంటికి మాత్రం చేర్చబాక," అన్నాడు రమణయ్య, డేరా వెనక టీ తాగుతూ. "చేరినారంటే మనం గుంజలు పీక్కోవాల."

"వాళ్ళ నడక మన నడత మీద ఉండాది," అన్నాడు సంజీవరావు. నవ్వడానికి ఎవరూ లేకపోతే తన మాటకు తానే నవ్వుకోగల మనిషి.

ఏసుమణి రీలు చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఫిల్ము అంచును రెండు వేళ్ళ మధ్య జారనిస్తూ, అతుకు తగిలినప్పుడు ఆపి, గోటితో గీరి, మళ్ళీ జారనిస్తున్నాడు. నెమ్మదైన మనిషి. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు మిషనుతో మాట్లాడినవే.

"పళ్ళేనికి దారం కనపడతా ఉండాదన్నా," అన్నాడు.

"దారం లేకుండా వేలాడేది ఆకాశం ఒక్కటే ఏసుమణీ. దానికీ ఉండాదేమో, మనకు కనపడలేదు."

"అది సరే. ఆ కుజుడోడు కూడా ఇంగ్లీషు మాట్లాడతా ఉండాడేంది?" అన్నాడు రమణయ్య.

"ఆడా మిషన్ బడి పెట్టినట్టుండారు."

"గంట కొడితే కూలిపోతాడంట. గంట కొడితే లేచిపోయేది బడిపిల్లోళ్ళు గదయ్యా. వీడేం రాకాసి?"

సంజీవరావు ఎగతాళికి ఎగతాళి చేశాడు కాని, లోపల ఆ బొమ్మ మీద ఆయనకు ఒక మెత్తదనం ఉంది. ఆట వదిలాక పాళెం జనం దిబ్బ మీద ఆగి ఆకాశం వైపు తలలెత్తడం ఆయన చూశాడు. చేపల కోసం, గాలి కోసం, దారి కోసం పుట్టినప్పటి నుంచీ ఆకాశం చూసేవాళ్ళే. కాని ఊరికే చూడడం, పనిలేకుండా చూడడం, ఎర్రగా ఉన్న చుక్క ఏదని ఒకరినొకరు అడుగుతూ చూడడం వేరు. ఒక ముసలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, "ఆడ సముద్రముంటే దానికి పోటూ పాటూ ఉండాల గదా నాయనా. మరి ఆడ చందమామ ఉండాడా?" అని అడిగింది. జాతకంలో కుజదోషం గురించి అడిగితే చెప్పగలడు గాని కుజుడి సముద్రంలో ఆటుపోటుల గురించి ఏం చెప్పగలడు. తెలియదని చెప్పడం రాక, "ఉంటాడులే అవ్వా, ఇద్దరుంటారు," అన్నాడు. ఆ ముసలమ్మ ఇద్దరు చందమామలను మోసుకుంటూ ఇంటికి పోయింది. దారం కనబడే పళ్ళెమే ఇంత పని చేసింది. ఇంతమందికి మెడలు పైకెత్తిన బొమ్మకు, కిందనున్న ముగ్గురు కనబడకపోవడమేమిటన్నదే ఆయనకు అంతుబట్టలేదు.

ఆ సాయంత్రమే ముత్యాలయ్య వచ్చాడు. టికెట్ల వేళ కాకముందే వచ్చి, డేరా తాడు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నీతో మాట ఉండాది సారూ."

"రాండి పెద్దాయనా, టీ తాగతారా?"

"టీ కాదు." చేతికర్రతో ఇసుకలో గీత గీశాడు. "పోయిన కార్తీకంలో వానగాలికి మా పడవ ఒకటి పోయింది. నువ్వు వినుంటావు."

సంజీవరావు వినలేదు. అప్పుడు డేరా తడ ఊరి దగ్గర ఉంది.

"ముగ్గురు పోయినారు. అన్నదమ్ములిద్దరు, చిన్నపోలయ్య ఒకడు. శవాలు దొరకల్యా. ఒక నెల చూసినాం. నేనే చెప్పినా, ఇంక రారని. అన్నదమ్ములకు గడ్డిమనుషుల్ని కట్టి కాల్చి దినాలు పెట్టినారు. చిన్నపోలయ్య పెండ్లాం మాలకొండమ్మ మాత్రం ఒప్పుకోల్యా. మూడిట్లో ఒక దినం ఆగిపోతే మాకు గంగమ్మ పొంగళ్ళు లేవు. పొంగళ్ళు లేకుండా కొత్త పడవ నీళ్ళలోకి దించకూడదు. కొత్త పడవ ఒడ్డున ఎండకు పగలతా ఉండాది. దాని మీద నాలుగిండ్లు బతకాల."

"ఆమె ఎందుకు ఒప్పుకోలేదు?"

"ఎందుకేంది?" అన్నాడు ముత్యాలయ్య, ఆ ప్రశ్న ఎక్కడిదన్నట్టు. "ఆడమనిషి. వస్తాడనుకుంటాది. ఇప్పుడిప్పుడే మెత్తబడతా ఉండాదిలే అనుకుంటే, నువ్వు నడిచొస్తా ఉండారంటివి. అప్పట్నించి ఒక్క ఆట మానల్యా. పొద్దుగూకితే చాలు గంప బోర్లించి నీ డేరాకొస్తాది. తాడు పక్కన, ముందర కూర్చుంటాదే, ఆ బిడ్డే."

సంజీవరావుకు గుర్తొచ్చింది. జనం వైపు తిరిగి కూర్చునేవాడికి ముఖాలు బాగా గుర్తుంటాయి. సన్నటి మనిషి. చేతినిండా గాజులు. అందరూ నవ్వినప్పుడు నవ్వదు. ఆయన ముఖం వైపు ఒక్కసారి కూడా చూడదు, తెర వైపే చూస్తుంది. ఇంత గొప్పగా చెబుతుంటే తన వైపు చూడని మనిషి ఎవరా అని మొదటి రోజు కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

"ఆ పొద్దు మీరే గదా అడిగింది, పడవ ఏమైందని."

ముత్యాలయ్య గీసిన గీతను అరచేత్తో చెరిపేశాడు. "రారని చెప్తావనుకుంటి. నీ నోట, ఆ మైకులో, అంత పెద్దగా ఆ మాట వస్తే మా పని సులువవతాదనుకుంటి. నా నోటితో ఆ బిడ్డకు ఎన్నిసార్లు చెప్పేది సారూ. నా చేతుల్లో పెరిగినోడు చిన్నపోలయ్య." లేచి నిలబడ్డాడు. "రష్యావోడు ఆకాశంలోకి మనిషిని పంపి, మళ్ళీ తెచ్చి దించినాడంట గదా. పంపినోడికి తెలస్తాది, దించాలని. ఈ సినిమావోడు ఎత్తకపోయి మర్సిపాయ. దాన్ని నువ్వు సరిచేస్తానని పోయి ఇంకా చెడగొట్టినావు. ఈ పూట చెప్పేయి. చచ్చిపోయినారని చెప్పేయి."

చెబుతాననే అన్నాడు సంజీవరావు. రమణయ్య వద్దన్నాడు. వద్దన్నా చెబుతాననే స్టూలెక్కాడు. ఆట అయింది. బల్బు వెలిగింది. డేరా నిండా ముఖాలు ఆయన వైపు తిరిగాయి. ముందు వరసలో ఒక తల్లి, నిద్రపోయిన బిడ్డ చెవి తన గుండెకు ఆనించుకుని, రెండో చెవి ఆయనకు అప్పగించి చూస్తోంది. మైకు పట్టుకుని, "ఆ ముగ్గురూ," అన్నాడు. జనం మెడలు ముందుకు సాచారు. "ఆ ముగ్గురూ... బెజవాడ దాటినారు," అన్నాడు. "గూడూరు బండెక్కినారు."

డేరా చప్పట్లతో ఊగింది. రమణయ్య కళ్ళు తుడుచుకున్నాడు. సంజీవరావు తాడు పక్కన చూశాడు. ఆ చోటు ఖాళీగా ఉంది. సంతోషం పట్టలేక ముందే లేచి ఇంటికి పరుగెత్తిందనుకున్నాడు. తన నాలుక మీద తనకే అసహ్యం వేసింది. గూడూరు నుంచి పాళేనికి ఎంత దూరమని. రేపు ఆమె దారికి ఎదురెళుతుంది.

*

తెల్లవారాక దిబ్బలు దాటి పాళేనికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాడు, ప్రాసలు తీసేశాడు, మళ్ళీ కూర్చుకున్నాడు. ఒడ్డున కొత్త పడవ ఎత్తు మీద బోర్లా పడుకుని ఉంది. చెక్కల సందుల్లో నార కుక్కి, పైన గోనెలు తడిపి కప్పారు.

మాలకొండమ్మ ఇసుకలో పాత వల పరిచి నెత్తళ్ళ చిరుచేపలు ఆరబోస్తోంది. గుప్పెడు గుప్పెడు తీసి, విసరకుండా, వేళ్ళ సందుల్లో నుంచి జార్చి, ఒకదాని మీద ఒకటి పడకుండా చీపురుపుల్లతో విడదీస్తోంది. పక్కన గుడిసె నీడలో చూపులేని ముసలావిడ ఒకతి కూర్చుని, కాకి అరిచిన వైపు కర్ర విసురుతోంది. ఆమె గురి తప్పడం లేదు.

"ఏంది సారూ ఇంత దూరం వచ్చినావు?" అంది మాలకొండమ్మ చెయ్యి ఆపకుండా. "కూర్చో. ఆడ కాదు, ఆడ తడి."

కూర్చున్నాడు. కూర్చుకున్న మాటలన్నీ లేచిపోయాయి.

"తప్పు చేసినానమ్మా. నేను చెప్పిందంతా వట్టిది. సినిమాలో అట్టా లేదు. నేనే అల్లినా."

"ఏంది అల్లింది?"

"అదే, ఆ ముగ్గురూ నడిచొస్తా ఉండారని."

ఆమె చెయ్యి ఆగింది. "నడిచొస్తా ఉండారా? యాణ్ణించి?"

"బర్మా నుంచి," అన్నాడు సంజీవరావు. ఆ మాట పగటివెలుగులో, చేపల వాసనలో, ఎంత వెర్రిగా వినిపించిందో ఆయనకే తెలిసింది. "అంటే... ఆట అయిపోయినాక మైకులో చెప్తా గదా."

"ఆట అయిపోయేదాకా నేనుంటే గదా సారూ. మొదటి రీలు అయినాక లైటేస్తారే, అప్పుడే లేచి వచ్చేస్తా. అత్తకు కండ్లు కనపడవు. ఆమెకు కూడు పెట్టాల. తరవాత ఏం జరిగిందో నాకు తెలవదు. నా ముందర పడవ ఊసు పాళెంలో ఎవురూ ఎత్తరు. ఎవురో తెల్లకోట్లోళ్ళు వస్తారంట."

వారం రోజుల బర్మా, కలకత్తా, పూరీ, బెజవాడ, అంతా వృథా. పాళెమంతా ఎవరి కోసం ఏడ్చిందో, ముత్యాలయ్య ఎవరి కోసం వచ్చాడో, తాను రాత్రంతా ఎవరి కోసం దొర్లాడో, ఆ మనిషి ఒక్క మాట వినలేదు.

"మరి రోజూ ఎందుకొస్తావమ్మా?"

ఆమె పుల్లతో రెండు చేపలను విడదీసింది. మరొకదాన్ని తిరగేసింది.

"ఇది ఎవురూ అడగల్యా," అంది. "దినం ఎప్పుడు, దినం ఎప్పుడు అనే అడిగినారు. ఎందుకు ఆపినావని అడగల్యా." కాకి వచ్చింది. ముసలావిడ కర్ర వెళ్ళింది. "ఆ సినిమాలో పడవ నీళ్ళలోకి దిగేటప్పుడు గళ్ళచొక్కా ఆయన వెనక్కి తిరిగి చూస్తాడు. ఒడ్డు తట్టు. చూసి, ఏందో అంటాడు. నువ్వు చూళ్ళేదా?"

సంజీవరావు చూడలేదు. గళ్ళచొక్కా ఎవరో కూడా గుర్తు లేదు.

"మా ఆయన పోయిన పొద్దు నేను గంపెత్తుకోని కోట ఊరి సంతకు పోయుండా. ఎప్పుడు పోయినా ఒడ్డున నిలబడి పంపేదాన్ని. ఆ పొద్దు చేపలు చెడిపోతాయని చీకట్లోనే పోతి. రాడని నాకు తెలవదా సారూ. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని. వానగాలి లేచిన రెండోనాడే తెలిసింది. అది కాదు. తిరిగి చూసినాడో లేదో. చూసుంటే ఆడ నేను ల్యా. అది తెలవకుండా గడ్డిమనిషిని పెట్టి కాల్చమంటే ఎట్టా కాల్చేది?"

ఆమె గొంతులో ఏడుపు లేదు. లెక్క కుదరని మనిషి గొంతు అది. సంజీవరావు ఇసుక చేతిలోకి తీసుకుని వదిలాడు. ఒక్క చమత్కారం తట్టలేదు. తట్టనందుకు కృతజ్ఞతలాంటిది కలిగింది.

"నీకొక మాట చెప్పనా సారూ, ఏమనుకోబాక."

"చెప్పమ్మా."

"సరిగ్గా ఆ గళ్ళచొక్కా ఆయన తిరిగి చూసేటప్పుడే నువ్వు అరస్తావు. అదిగో కుజుడొచ్చె, ఇదిగో గజగజమనె అని. ఆయన అన్నది వినపడదు. ఆ ఒక్క రవ్వ నోరు మూసుకోని ఉంటావా?"

"అది ఇంగ్లీషమ్మా."

"అయితే ఏమి," అంది మాలకొండమ్మ. "నా మొగుడు ఏమన్నాడో నాకు తెలుసునా?"

*

ఆ సాయంత్రం సంజీవరావు స్టూలును తెర వైపు తిప్పి వేసుకున్నాడు. ఏసుమణి చూసి మిషను వెలుగు సరిచేసుకున్నాడు. ముత్యాలయ్య వచ్చి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. మాలకొండమ్మ తాడు పక్కన తన చోటులో కూర్చుంది.

బొమ్మ మొదలైంది. మైకు మోగలేదు.

"మైకు చెడిందా?" అన్నారెవరో. "సారూ, చెప్పు," అన్నారు ఇంకెవరో. రమణయ్య పరదా పక్కనుంచి చేతులూపాడు. సంజీవరావు మైకు మీద అరచెయ్యి కప్పి ఉంచాడు. కాసేపటికి జనం సర్దుకున్నారు. సర్దుకున్నాక డేరాలోకి సముద్రం వచ్చింది. ఎన్ని ఆటలాడినా ఎవరికీ వినబడని సముద్రం, ఆయన గొంతు కింద ఇన్నాళ్ళూ మునిగిపోయిన సముద్రం. ఆ దేశపు అల, ఇసుక దిబ్బ అవతలి ఈ దేశపు అల ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. ఏది ఏదో తెలియలేదు.

తెర మీద ముగ్గురు మనుషులు పడవను తోస్తున్నారు. ముందున్నవాడు మోకాలిలోతు నీళ్ళలో తాడు భుజాన వేసుకున్నాడు. నడిమివాడు తూలితే పక్కవాడు నడుము దగ్గర చొక్కా పట్టి లాగాడు. గళ్ళచొక్కా అతను పడవ ఎక్కాడు. అప్పుడు, నిజంగానే, ఒక చెయ్యి అంచు మీద ఆనించి, మెడ వెనక్కి తిప్పి చూశాడు. ఒడ్డున ఎవరున్నారో తెర చూపించలేదు. ఎవరో ఉన్నారు. అతను ఒక మాట అన్నాడు. తరువాత ముందుకు తిరిగి కూర్చున్నాడు. గాలి లేచింది. ఆ తరువాత వచ్చిన పళ్ళేన్ని, దాని దారాన్ని సంజీవరావు చూడలేదు.

రీలు అయిపోయింది. బల్బు వెలిగింది. ఏసుమణి రెండో రీలు ఎక్కిస్తున్న చప్పుడు తప్ప డేరాలో మరో చప్పుడు లేదు. మాలకొండమ్మ లేచి, కొంగు బిగించుకుని, తాడు వెంబడి ఆయన స్టూలు దగ్గరికి వచ్చింది.

"ఏమన్నాడు సారూ?"

సంజీవరావు నాలుక చివర ఎన్నో మాటలు వచ్చి నిలబడ్డాయి. మంచి మాటలు. ఏడిపించే మాటలు. ఎన్నెన్ని ప్రసంగాలను మెరుగుపెట్టిన నాలుక అది. వాటన్నిటినీ మింగి, అన్నది అన్నట్టుగా, ఒక మాటకు ఒక మాటగా చెప్పాడు.

"కోళ్ళ గూడు మూసినావా అని అడిగినాడమ్మా."

"కోళ్ళ గూడా?"

"కోళ్ళ గూడే. అంతకంటే ఏం లేదు."

మాలకొండమ్మ ఆయన ముఖంలోకి మొదటిసారి చూసింది. తరువాత నవ్వింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు పైన కళ్ళు నిండాయి.

"మా ఆయనా అంతే," అంది. "ఏదో ఒక పని పురమాయించకుండా పడవెక్కడు. ఉట్టి దించినావా, పిల్లి దూరతాది. మేకను కట్టినావా. అంతే సారూ. అంతే అని ఉంటాడు."

కళ్ళు తుడుచుకుని, మగవాళ్ళ వైపు, గుంజకు ఆనుకుని ఉన్న ముత్యాలయ్య వైపు తిరిగింది.

"ఆదివారం పెట్టుకో మామా," అంది మామూలుగా, చేప ధర చెప్పినట్టు. "గడ్డి నేను తెస్తా." అని డేరా పరదా పక్కకు నెట్టి, అత్తకు కూడు పెట్టడానికి వెళ్ళిపోయింది.

ముత్యాలయ్య భుజం మీది పైపంచె తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. అది కూడా పాళెం మర్యాదే.

బల్బు ఆరింది. రెండో రీలు మొదలైంది. పెద్ద గదిలో తెల్లకోట్ల వాళ్ళు బల్ల చుట్టూ చేరి, గోడ మీది పటం చూపిస్తూ, చేతులు తిప్పుతూ, ఒకరి మాట మీద ఒకరు ఎక్కి మాట్లాడుతున్నారు. జనం కాసేపు ఓపిక పట్టారు. సంజీవరావు మైకు మీద నుంచి చెయ్యి తీశాడు గాని నోరు తెరవలేదు.

"చెప్పు సారూ," అన్నాడు ముత్యాలయ్య చీకట్లో నుంచి, గొంతు సర్దుకుని. "ఏమంటా ఉండారు వాళ్ళు?"

సంజీవరావు తెర వైపు, ఆ అరుపుల వైపు, ఆ మెరిసే కోట్ల వైపు చూశాడు.

"పడవ సంగతి వాళ్ళకింకా తెలవదు పెద్దాయనా," అన్నాడు.